క్లైమేట్ మోడల్‌లో మన తుఫానులను లెక్కపెట్టడం ఎలా? ఒడిశాలోని గంజాం తీరం వాళ్లకో గైడ్

ముందే చెప్పేస్తా. గ్లోబల్ క్లైమేట్ మోడల్ (భూమి మొత్తం వాతావరణాన్ని లెక్కలతో నడిపించే కంప్యూటర్ ప్రోగ్రామ్) డేటా దించుకుని, 2013 అక్టోబర్ 12 తారీఖు ఫైల్ తెరిచి, గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను ఎక్కడుందా అని వెతికితే మీకు ఏమీ కనపడదు. మోడల్‌లో ఆ రోజు బంగాళాఖాతం నిమ్మళంగా ఉండొచ్చు. అదే మోడల్‌లో 2011 నవంబర్‌లో మనమెవరం ఎన్నడూ వినని ఒక పెద్ద తుఫాను వచ్చి సోనాపూర్ పక్కన తీరం దాటి ఉండొచ్చు. బరంపురం వైపు ఈ పని మీద కూర్చునే కుర్రాళ్లు మొదట తడబడేది ఇక్కడే: ఫైలిన్ లేదు, తిత్లీ లేదు, కాబట్టి మోడల్ పనికిరాదు అని లేచిపోతారు.

వాతావరణ సూచనకు వాడే మోడల్‌కి ఈ పూట గాలి ఎటు వీస్తోంది, పీడనం ఎంత, తేమ ఎంత అని మొత్తం చెప్పి, రేపు ఏమవుతుందని అడుగుతారు. క్లైమేట్ మోడల్‌కి ఇచ్చేది ఎండ, గ్రీన్‌హౌస్ వాయువులు, గాల్లోని పొగా ధూళీ, కొన్ని రకాల పరుగుల్లో (మోడల్‌ని ఒకసారి నడపడాన్ని పరుగు అంటారు) సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత, అంతే. మిగతా వాతావరణం మొత్తం అదే సొంతంగా పుట్టించుకుంటుంది. అందుకని దాని 2013కీ మన 2013కీ రోజువారీ చుట్టరికం ఏమీ ఉండదు. దాన్ని అడగాల్సిన ప్రశ్నలు వేరు: ఏడాదికి ఎన్ని తుఫానులు, ఏ నెలల్లో, ఎక్కడ పుట్టి ఎటు పోతున్నాయి, కళింగపట్నం నుంచి పూరీ దాకా ఉన్న తీరాన్ని ముప్పై ఏళ్లలో ఎన్ని దాటుతున్నాయి, భూమి వేడెక్కితే ఈ లెక్కలు ఎటు జరుగుతాయి. ప్రశ్న ఈ రూపంలో కాగితం మీద రాసుకున్నాకే కంప్యూటర్ ముట్టుకోండి.

చదరం ఎంత పెద్దది?

మోడల్ భూగోళాన్ని చదరాలుగా కోసుకుంటుంది. ఒక్కో చదరానికి ఒకే గాలి, ఒకే పీడనం, ఒకే వాన. చదరం పక్క 100 కిలోమీటర్లు అనుకోండి, గోపాల్‌పూర్, ఇచ్ఛాపురం, పలాస మూడూ ఒకే గడిలో పడిపోవచ్చు. ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర దాటింది. ఇక్కడ మనకి అది ఒకరి ఇల్లు పోవడానికీ ఇంకొకరిది పోవడానికీ ఉన్న తేడా, ఆ మోడల్‌కి మాత్రం రెండూ ఒకటే చోటు.

ఇంకో మెలిక ఉంది. చదరం పక్క కంటే కనీసం ఆరేడు రెట్లు పెద్దదైన ఆకారాన్నే మోడల్ సరిగ్గా గీయగలదు. అంటే 25 కిలోమీటర్ల మోడల్ 150, 200 కిలోమీటర్ల సుడిని బాగానే చూపిస్తుంది కానీ ముప్పై నలభై కిలోమీటర్ల తుఫాను కన్నునీ, దాని చుట్టూ గోడలా తిరిగే మేఘాలనీ పట్టుకోలేదు. పైగా ఆ 25 అన్న అంకెని కూడా తరచి చూడాలి. బ్రిటన్ వాళ్ల హాడ్‌జెమ్3 మోడల్లో 25 కిలోమీటర్లదని పిలిచే రకంలో భూమి చుట్టూ 1024 గడులు, ధ్రువం నుంచి ధ్రువానికి 768 గడులు ఉంటాయి. లెక్క కట్టి చూడండి, మన అక్షాంశం దగ్గర ఒక్కో గడి ఉత్తర–దక్షిణాలు 26 కిలోమీటర్లు వస్తుంది, తూర్పు–పడమరలు దాదాపు 37 వస్తుంది. బరంపురం, గోపాల్‌పూర్, ఛత్రపురం మూడూ కలిపి ఒక్క గడికి సరిపోతాయి.

ముతక గ్రిడ్‌లో, అంటే పెద్ద పెద్ద గడుల అల్లికలో, సుడులు అసలు పుట్టవని కాదు. తర్వాత 2021లో నోబెల్ అందుకున్న స్యుకురో మనాబె బృందం 1970లోనే చాలా ముతక మోడల్‌లో తుఫానుల్లాంటి సుడులు వాటంతటవే పుట్టడం చూసి రాసింది. కాకపోతే అలాంటివి నీరసంగా, ఉబ్బిపోయినట్టు ఉంటాయి, సంఖ్య కూడా తక్కువ. మన పనికి 50 కిలోమీటర్ల కంటే ముతకైనది తీసుకోకండి, వీలైతే 25 పట్టుకోండి.

మోడల్ నడపకండి, నడిపినది తెచ్చుకోండి

100 నుంచి 25 కిలోమీటర్లకు దిగితే అటు నాలుగు రెట్లు, ఇటు నాలుగు రెట్లు గడులు పెరుగుతాయి, గడి చిన్నదైనందుకు కాలం అడుగు, అంటే మోడల్ ఒక్కో లెక్కలో ముందుకు జరిగే సమయం, కూడా నాలుగో వంతు చేయాలి. మొత్తం 64 రెట్ల పని. ఇది ల్యాప్‌టాప్ పని కాదు, మామూలు కాలేజీ సర్వర్ పని కూడా కాదు. సూపర్ కంప్యూటర్ ఉన్నవాళ్లు ఇప్పటికే నడిపి ఉచితంగా పెట్టారు. హైరెస్‌మిప్ అనే అంతర్జాతీయ ప్రాజెక్టులో అనేక దేశాల మోడళ్లు ఒకే నియమాల మీద 1950 నుంచి 2050 దాకా నడిచాయి, ఫైళ్లు ఎర్త్ సిస్టమ్ గ్రిడ్ ఫెడరేషన్ సర్వర్లలో ఉంటాయి. హాడ్‌జెమ్3, ఈసీ–ఎర్త్, సీఎన్‌ఆర్‌ఎమ్, ఎంపీఐ, సీఎంసీసీ, ఇలా పేర్లు కనిపిస్తాయి. ఒక్క మోడల్‌తో సరిపెట్టకుండా కనీసం రెండు మూడు తీసుకోండి.

పరుగులు రెండు రకాలు. ఒకదాంట్లో సముద్రపు ఉష్ణోగ్రత నిజంగా కొలిచినదే ఇస్తారు, మోడల్ గాలిని మాత్రమే నడుపుతుంది. రెండో దాంట్లో సముద్రం కూడా మోడల్‌దే. మొదటిదాంట్లో ఎల్ నినో ఏళ్లు మన ఏళ్లతో కలుస్తాయి కాబట్టి పోల్చడం కాస్త సులువు. కానీ తుఫాను వెళ్లిన దారిలో కింది చల్లనీరు పైకి వచ్చి తుఫానుని మెత్తబరచడం అనేది అందులో జరగదు. మన సముద్రంలో ఇది ఇంకా తిరకాసు: గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, అటు ఐరావతి, ఇన్ని నదుల మంచినీళ్లు వానాకాలం తర్వాత పైన పలచటి పొరలా పరుచుకుని కింది చల్లనీటిని పైకి రానివ్వవు. ఈ పొరని మోడల్ సముద్రం సరిగ్గా గీసిందా లేదా అన్నదాని మీద అక్టోబర్, నవంబర్ తుఫానుల బలం చాలావరకు ఆధారపడుతుంది. అందుకే రెండు రకాల పరుగులూ తీసి పక్కపక్కన పెట్టుకోవడం మంచిది.

తెచ్చుకోవాల్సినవి ఆరు గంటలకోసారి నమోదైన ఫైళ్లు: సముద్రమట్ట పీడనం, పది మీటర్ల ఎత్తులో గాలి రెండు భాగాలూ (తూర్పు–పడమర, ఉత్తర–దక్షిణ), 500, 300 హెక్టాపాస్కల్ (గాలి పీడనం కొలత) మట్టాల ఎత్తు, 850 దగ్గర ఉష్ణోగ్రత, వాన. రోజువారీ సగటు ఫైలు చిన్నదని అది తెచ్చుకుంటే పని మొత్తం వృథా, తుఫాను ఒక్క రోజులో నాలుగైదు వందల కిలోమీటర్లు జరుగుతుంది, సగటులో అది సాగదీసిన మరకలా మిగులుతుంది.

సైజు చూస్తే టెన్షన్ పడతారు. పైన చెప్పిన గ్రిడ్‌లో ఒక్క అంశానికి, ఒక్క ఏడాదికి, కుదించకపోతే నాలుగున్నర జీబీ. అందుకే సీడీఓ అనే ఉచిత టూల్‌తో మన ముక్క కోసుకోండి. తూర్పు రేఖాంశం 65 నుంచి 110 దాకా, అక్షాంశం భూమధ్యరేఖకి 5 డిగ్రీలు కింద నుంచి 30 ఉత్తరం దాకా కోస్తే అదే ఫైలు 110 ఎంబీ దగ్గరకు దిగిపోతుంది. బంగాళాఖాతం 100 డిగ్రీల లోపే ముగుస్తుంది కదా, 110 దాకా ఎందుకు అంటారా? ఫైలిన్ మూలం దక్షిణ చైనా సముద్రం వైపు నుంచి మలయా ద్వీపకల్పం దాటి వచ్చిన సుడి. పెట్టె అంచు దగ్గరగా పెడితే అలాంటివి నడిమధ్యలో పుట్టినట్టు కనిపిస్తాయి.

ఇంకో చిన్న ఉచ్చు: హాడ్‌జెమ్3లో ప్రతి నెలకీ 30 రోజులే, ఏడాదికి 360. అంటే ఫిబ్రవరి 30 ఉంటుంది. పైథాన్‌లో మామూలు తారీఖుల లైబ్రరీ అది చూసి చేతులెత్తేస్తుంది, ఎక్స్‌ఎర్రే లైబ్రరీతో పాటు సీఎఫ్‌టైమ్ లైబ్రరీ పెట్టుకుంటే గొడవ ఉండదు.

సుడిని గుర్తుపట్టడం

దీనికి ట్రాకర్ కావాలి, అంటే సుడుల్ని వెతికి వాటి దారి గీసే ప్రోగ్రామ్. పాల్ ఉల్రిక్, కోలిన్ జర్జికీ వాళ్ల టెంపెస్ట్‌ఎక్స్‌ట్రీమ్స్ ఉచితం, లైనక్స్‌లో బాగా నడుస్తుంది. పని రెండు అంచెల్లో. మొదటి అంచె డిటెక్ట్‌నోడ్స్: ప్రతి ఆరు గంటల చిత్రంలోనూ పీడనం అడుగంటిన చోట్లు వెతుకుతుంది, ఆ చుట్టూ 5.5 డిగ్రీల (అక్షాంశాల్లా కొలిచే దూరం, వేడి కాదు) లోపు పీడనం అన్ని వైపులా కనీసం 2 హెక్టాపాస్కల్ పెరగాలి, లేకపోతే వదిలేస్తుంది. తర్వాత 300, 500 మట్టాల మధ్య గాలిపొర మందం చూస్తుంది. వేడి గాలి ఉబ్బుతుంది కాబట్టి తుఫాను నడిమధ్యన ఆ పొర మందంగా ఉండి, బయటికి పోయేకొద్దీ 6.5 డిగ్రీల లోపు కనీసం 6 మీటర్లు తగ్గాలి. తుఫానుకి వెచ్చటి గుండె ఉందని తేల్చేది ఈ పరీక్షే. 6 డిగ్రీల కంటే దగ్గరగా రెండు కేంద్రాలు దొరికితే లోతైనదాన్నే ఉంచుతుంది.

రెండో అంచె స్టిచ్‌నోడ్స్, ఈ చుక్కల్ని కలిపి దారులుగా కుడుతుంది. ఒక ఆరు గంటల నుంచి తర్వాతి ఆరు గంటలకి చుక్క 8 డిగ్రీల కంటే ఎక్కువ జరగకూడదు, మొత్తం కనీసం 54 గంటలు బతకాలి, మధ్యలో 24 గంటల దాకా కనిపించకపోయినా పర్లేదు, సెకనుకి 10 మీటర్ల గాలి కనీసం పది సార్లు ఉండాలి. చాలామంది వాడే సెట్టింగులు ఇవే. పెట్టె కోసిన ఫైలు ఇస్తున్నారు కాబట్టి ప్రాంతీయ డేటా అని చెప్పే స్విచ్ వేయడం మర్చిపోకండి, లేకపోతే పడమటి అంచు తర్వాత తూర్పు అంచే వస్తుందనుకుని ట్రాకర్ సుడుల్ని అటూ ఇటూ అతికించేస్తుంది.

ఆ సెట్టింగుల్ని కళ్లు మూసుకుని వాడితే మాత్రం మన దగ్గర పప్పులో కాలేస్తారు. సెకనుకి 10 మీటర్లంటే 19, 20 నాట్లు (గాలి వేగం కొలత). భారత వాతావరణ శాఖ లెక్కలో 17 నుంచి 27 నాట్లు వాయుగుండం, 28 నుంచి 33 తీవ్ర వాయుగుండం, 34 దాటితేనే తుఫాను. జూలై, ఆగస్టుల్లో బంగాళాఖాతం ఉత్తర భాగంలో పుట్టి ఒడిశా మీదుగా ఛత్తీస్‌గఢ్ వైపు పాకే రుతుపవన వాయుగుండాలు గంజాం వాళ్లకి కొత్తేమీ కాదు. మూడు రోజులు ముసురు పట్టించి వెళ్తాయి కానీ వాటిని మనం తుఫాను అనం. ట్రాకర్ మాత్రం వాటిని జల్లెడలోంచి పోనిచ్చేస్తుంది, ఎందుకంటే వాటికి పై మట్టాల్లో వెచ్చటి గుండే ఉంటుంది. తేడా కింద ఉంది: 850 హెక్టాపాస్కల్ దగ్గర రుతుపవన వాయుగుండం నడుమ చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా ఉంటుంది, నిజమైన తుఫానుది అక్కడా వెచ్చగానే ఉంటుంది. కాబట్టి దొరికిన ప్రతి దారికీ 850 ఉష్ణోగ్రత నడుమా, మూడు నాలుగు డిగ్రీల అవతలా తీసి పోల్చి, చల్లగా ఉన్నవాటిని వేరే ఫైల్లోకి తోయండి. పారేయకండి, వాన లెక్కకి పనికొస్తాయి.

గాలి గీత, అంటే ఎంత గాలి ఉంటే తుఫానుగా లెక్కపెట్టాలన్న హద్దు, ఎంత పెట్టాలన్నది గ్రిడ్‌ని బట్టి మారుతుంది. ముతక మోడల్‌లో గాలి ఎలాగూ తగ్గి కనిపిస్తుంది కాబట్టి 34 నాట్లు అక్షరాలా పెడితే మంచి తుఫానులే రాలిపోతాయి. ఎంత పెట్టారో రాసుకోండి, అన్ని మోడళ్లనీ ఒకే గ్రిడ్‌లోకి మార్చాకే పోల్చండి.

నమ్మొచ్చా లేదా?

బంగాళాఖాతానికి ఒక ముద్ర ఉంది, ఏ మోడల్‌నైనా ముందు దాని మీద పరీక్షించాలి. నెలవారీ లెక్క గీస్తే రెండు గుట్టలు రావాలి: వేసవిలో మే చుట్టూ చిన్నది, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పెద్దది. మధ్యలో జూలై, ఆగస్టుల్లో లోయ. ఆ నెలల్లో సముద్రం వేడిగానే ఉంటుంది, అయినా కింద నైరుతి గాలి, పైన తూర్పు గాలి ఉధృతంగా ఎదురెదురు వీచి తుఫాను నిలువు కట్టడాన్ని వంచేస్తాయి. ఈ లోయ మోడల్‌లో లేదంటే రెండే కారణాలు, వాయుగుండాలు కలిసిపోయాయి లేదా మోడల్ రుతుపవనాలే సరిగ్గా రాలేదు. రెంటిలో ఏదో తేలేదాకా ముందుకు పోవద్దు.

పోల్చడానికి అసలు లెక్క ఐబీట్రాక్స్ అనే ప్రపంచ తుఫానుల రికార్డులో ఉంటుంది, అందులో ఢిల్లీ (భారత వాతావరణ శాఖ) కాలమ్ వేరు, అమెరికా కాలమ్ వేరు. మన శాఖది మూడు నిమిషాల సగటు గాలి, అమెరికా వాళ్లది ఒక నిమిషం సగటు, అందుకని ఒకే తుఫానుకి వాళ్ల అంకె ఎక్కువుంటుంది. ఒక కాలమ్ ఎంచుకుని దానికే కట్టుబడండి. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే అదే ట్రాకర్‌ని, అవే సెట్టింగులతో ఈఆర్‌ఏ5 డేటా మీద కూడా నడపడం. అది కొలతల ఆధారంగా 1940 నుంచి గంటగంటకీ తిరిగి కట్టిన వాతావరణం, ఇందులో మాత్రం ఫైలిన్ ఉంటుంది, హుద్‌హుద్ ఉంటుంది. ట్రాకర్ వాటిని పట్టుకుంటే మీ సెట్టింగులు పని చేస్తున్నట్టే. వదిలేస్తే తప్పు మోడల్‌ది అనకముందే మీ గీతలు సరిచూసుకోవాలి.

బంగాళాఖాతంలో ఏడాదికి సగటున నాలుగు తుఫానులు. మన తీరం ముక్కకి వచ్చేసరికి అవి వేళ్ల మీద లెక్కపెట్టేంతే, అదీ వరస లేకుండా వస్తాయి. 1999 అక్టోబర్ ఒక్క నెలలోనే 17న గోపాల్‌పూర్ దగ్గర ఒకటి, 29న పారాదీప్ దగ్గర సూపర్ సైక్లోన్. మోడల్‌లో ముప్పై ఏళ్లలో తొమ్మిది తుఫానులు మీ తీరం దాటాయనుకుందాం, తొమ్మిదికి వర్గమూలం మూడు, కేవలం అదృష్టం వల్లే ఆ లెక్క ఆరు నుంచి పన్నెండు దాకా ఊగొచ్చు. ఇంకో ముప్పై ఏళ్లలో పదకొండు వస్తే తుఫానులు పెరిగాయని రాయకూడదు. ఒకే మోడల్‌ని చిన్న తేడాలతో మళ్లీ మళ్లీ నడిపిన పరుగులు ఎన్ని దొరికితే అన్నీ కలపండి, అప్పుడే ఆ ఊగిసలాట తగ్గుతుంది. అప్పటికీ జిల్లా స్థాయిలో లెక్క చెప్పడం నాకైతే దుస్సాహసమే. ఒడిశా, ఉత్తరాంధ్ర తీరం మొత్తాన్ని ఒకటిగా తీసుకోవడం మంచిది.

బలం సంగతి, వాన సంగతి

ఫైలిన్ గరిష్ఠ గాలి 115 నాట్లు, అంటే గంటకి 215 కిలోమీటర్లు. 1999 సూపర్ సైక్లోన్ 140 నాట్లు, పీడనం 912 హెక్టాపాస్కల్. 25 కిలోమీటర్ల మోడల్‌లో ఈ స్థాయి గాలి చాలా అరుదు, ఎందుకంటే అది పుట్టేదే మోడల్‌కి కనపడని ఆ కన్ను గోడలో. ఈఆర్‌ఏ5లో కూడా పెద్ద తుఫానులు అసలు కంటే మెత్తగానే ఉంటాయి. అందుకే బలం కొలవాలంటే గాలి కంటే నడుమ పీడనం వాడండి, అది గ్రిడ్‌కి అంతగా లొంగదు. అంకెల్ని అలాగే వాడే బదులు వరస పెట్టండి: మోడల్‌లో అతి బలమైన పదో వంతు, అసలు రికార్డులో అతి బలమైన పదో వంతు, ఈ రెండింటినీ పోల్చుకోండి. ఇల్లు కూలుతుందా, సరుగుడు తోట పడుతుందా అన్న ప్రశ్నకి జవాబు కావాలంటే ఎంచుకున్న తుఫానుల్ని డబ్ల్యూఆర్‌ఎఫ్ లాంటి ప్రాంతీయ మోడల్‌కి అప్పగించి మూడు నాలుగు కిలోమీటర్ల గ్రిడ్‌లో మళ్లీ నడపాలి, అది వేరే పని.

గాలి మ్యాపుతో ఆగిపోవడం అందరూ చేసే పొరపాటు. తిత్లీ గాలి 80 నాట్లు, ఫైలిన్ కంటే చాలా తక్కువ. తీరం దాటాక ఈశాన్యానికి తిరిగి గజపతి జిల్లా కొండల మీద కుమ్మరించిన వానకి బారఘర దగ్గర కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు, వంశధార పొంగింది. సముద్రం అక్కడికి కనుచూపు మేరలో కూడా లేదు. కాబట్టి ప్రతి దారి వెంటా కేంద్రం నుంచి 5 డిగ్రీల లోపు పడిన వాన కూడా కూడి పెట్టుకోండి, తీరం దాటాక దారి ముగిసినా ఇంకో రెండు రోజుల వాన తీయండి. అయితే మహేంద్రగిరి 1500 మీటర్ల ఎత్తు, మోడల్ గడి సగటులో అది కరిగిపోయి ఒక మోస్తరు దిబ్బ అవుతుంది. కొండ గాలిని ఎత్తి కురిపించే వాన అందులో తక్కువే వస్తుంది. మోడల్ ఎత్తుల ఫైలు కూడా దించుకుని పర్లాకిమిడి గడిలో ఎంత ఉందో ఒకసారి చూడండి, వాన అంకెని ఎంతవరకు నమ్మాలో మీకే అర్థమవుతుంది.

2050 వైపు చూస్తే

భవిష్యత్తు పరుగులకి కూడా ఇదే దారి. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం ప్రపంచం మొత్తం మీద తుఫానుల సంఖ్య తగ్గొచ్చు లేదా అలాగే ఉండొచ్చు, కానీ వాటిలో బాగా బలమైన వాటి వాటా పెరుగుతుంది. వేడి ఒక్క డిగ్రీ పెరిగితే గాలి దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది కాబట్టి వాన పెరుగుతుందన్నది అన్నిటికంటే గట్టి మాట. సముద్రమట్టం పెరగడం వల్ల అదే తుఫానుకి ఉప్పెన ఇంకా లోపలికి వస్తుంది. మీ ఫలితం దీనికి ఎదురుగా వస్తే ఖంగారు పడక్కర్లేదు, ఒక్క బంగాళాఖాతం ప్రపంచ సగటులా నడవాలని లేదు. కానీ మూడు మోడళ్లు మూడు దారుల్లో పోతే ఆ మూడూ చూపించండి, సగటు తీసి ఒక గీత గీయకండి.

25 కిలోమీటర్ల డేటా దించుకునే నెట్ లేకపోతే, ముతక మోడల్ మాత్రమే చేతిలో ఉంటే, ఉదాహరణకి 200 కిలోమీటర్ల దగ్గర నడిచే పుణె వాళ్ల ఐఐటీఎం ఎర్త్ సిస్టమ్ మోడల్, అప్పుడు సుడులు వెతకొద్దు. ఇమాన్యుయెల్, నోలన్ 2004లో ఇచ్చిన సూత్రం ఉంది: గాలి తిరిగే గుణం, 600 హెక్టాపాస్కల్ దగ్గర తేమ, సముద్రపు వేడి ఇవ్వగల గరిష్ఠ బలం, 850, 200 మట్టాల మధ్య గాలి తేడా, ఈ నాలుగూ కలిపి ఒక సూచీ. నెలవారీ సగటు ఫైళ్లు చాలు, ల్యాప్‌టాప్‌లో ఒక సాయంత్రం పని. మ్యాపు వేశాక శీర్షికలో తుఫానుల సంఖ్య అని రాయకండి, తుఫాను పుట్టడానికి అనువు అని రాయండి, కింద మోడల్ పేరూ, గ్రిడ్ సైజూ, తీసుకున్న ఏళ్లూ వేయండి.